బీటెక్ ఫస్టియర్‌కి 85 వేల ల్యాప్‌టాప్ కావాలా?

ప్రశ్న: మా అమ్మాయికి ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో హైదరాబాద్ దగ్గర ఒక కాలేజీలో సీఎస్ఈ సీటు వచ్చింది. హాస్టల్లో ఉంటుంది. క్లాసులు మొదలయ్యేలోపే గేమింగ్ ల్యాప్‌టాప్ కొనాలంటోంది. 85 వేలట. సీనియర్లు అదే తీసుకోమన్నారట. నేను 50 వేల దాకా పెట్టగలను. మిగతాది ఈఎంఐలో కట్టమంటారా, లేక సెకండ్‌హ్యాండ్‌ది చూడమంటారా?
– ఒక తండ్రి, సూర్యాపేట

జవాబు: మీ 50 వేలు చాలు. కాకపోతే ఆ డబ్బు ఇప్పుడే తీయకండి. క్లాసులు మొదలై రెండు మూడు వారాలు గడవనివ్వండి. కాలేజీ ల్యాబ్‌లో ఏమున్నాయో, ల్యాప్‌టాప్ రోజూ తెమ్మంటారో లేదో అప్పటికి తెలిసిపోతుంది. ఇంటర్నల్ స్లైడింగ్‌లో, అంటే అదే కాలేజీలో ఖాళీ సీట్లను బట్టి, బ్రాంచి మారే అవకాశం ఉన్నవాళ్లయితే తప్పకుండా ఆగాలి. సివిల్, మెకానికల్ వాళ్ల సాఫ్ట్‌వేర్ వేరు, దానికి కావాల్సిన మెషీన్ వేరు.

ఫస్టియర్‌లో అమ్మాయి చేసేది మ్యాథ్స్, ఫిజిక్స్ లేదా కెమిస్ట్రీ, ఇంజనీరింగ్ గ్రాఫిక్స్, సీ ప్రోగ్రామింగ్. సీ ప్రోగ్రాములు పదేళ్ల నాటి కంప్యూటర్ మీద కూడా హాయిగా నడుస్తాయి. అసలు బరువు పడేది ఆ తర్వాతే. ఆండ్రాయిడ్ స్టూడియోలో యాప్ రాసి ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లోనే ఫోన్‌లా పనిచేసేది) మీద నడపాలన్నా, వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ లాంటిది) పెట్టుకోవాలన్నా 8 జీబీ ర్యామ్‌తో సిస్టమ్ నత్తనడక నడుస్తుంది. 16 జీబీ ఉంటే ఆ ఇబ్బంది ఉండదు. గేమింగ్ ల్యాప్‌టాప్‌లో మీరు అదనంగా పోసే డబ్బులో చాలా భాగం గ్రాఫిక్స్ కార్డుకు పోతుంది. అది గేమ్స్‌కి, వీడియో ఎడిటింగ్‌కి, డీప్ లెర్నింగ్ (ఏఐ) మోడల్స్ ట్రైనింగ్‌కి పనికొస్తుంది. మూడో దాని అవసరం వచ్చేనాటికి ఇంటర్నెట్‌లో నడిచే గూగుల్ కోలాబ్ ఉంది. పరిమితులున్నా ఉచితంగానే జీపీయూ (గ్రాఫిక్స్ కార్డులోని ప్రాసెసర్) ఇస్తుంది, క్లాసు ప్రాజెక్టులకు చాలు. పైగా గేమింగ్ ల్యాప్‌టాప్‌లు చాలావరకు రెండు కిలోలు దాటతాయి, దాని చార్జర్ ఇంకో బరువు. బ్యాటరీ కూడా త్వరగా ఖాళీ అవుతుంది. సీనియర్లు అబద్ధం చెప్పారని కాదు. హాస్టల్లో రాత్రి పదకొండు తర్వాత వాటి మీద నడిచేది ఎక్కువగా వాలరెంట్ అనే గేమ్. ఈ మాట మాత్రం మీ అమ్మాయితో అనకండి, గొడవవుతుంది.

షాపుకెళ్తే “ఐ5 సార్” అంటారు. అది ప్రాసెసర్ పేరు, ఏ జనరేషనో అడగండి. పాత ఐ5 కంటే కొత్త ఐ3 నయం కావచ్చు. ఐ5 గానీ రైజెన్ 5 గానీ, ఈమధ్య వచ్చిన మోడల్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ స్క్రీన్, ఒకటిన్నర కిలో చుట్టూ బరువు... ఇంతవరకు చూసుకుంటే చాలు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. అందుకే 16 జీబీది మీ బడ్జెట్‌లో దొరక్కపోవచ్చు. అప్పుడు 8 జీబీది తీసుకుని సెకండియర్‌లో పెంచుకోవచ్చు, అందుకు వీలుంటేనే. కొన్ని మోడళ్లలో ర్యామ్‌ని బోర్డుకే అతికించేస్తారు. షాపులో డెమో పీస్ ఆన్ చేయించి టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ నొక్కండి. కింద స్లాట్స్ యూజ్డ్ అని ఉంటుంది. “1 ఆఫ్ 2” అని కనిపిస్తే ఒక స్లాట్ ఖాళీగా ఉన్నట్టు. ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర “రో ఆఫ్ చిప్స్” అని ఉంటే ఆ ర్యామ్ అతికించిందే. ఆ పక్కన ఖాళీ స్లాట్ కూడా లేకపోతే దాన్ని వదిలేయండి.

సెకండ్‌హ్యాండ్ తప్పేం కాదు. కంపెనీలు వాడి వదిలేసిన థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్‌ల లాంటివి గట్టివి, కీబోర్డు బాగుంటుంది. సికింద్రాబాద్ ప్యారడైజ్ వైపు సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్) ఒక పూట తిరిగితే బోలెడు కనిపిస్తాయి. రెండు జాగ్రత్తలు తీసుకోండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ కంటే పాతవాటికి విండోస్ 11 అధికారికంగా రాదు. ఏడో జనరేషన్‌ది చవగ్గా ఇస్తామన్నా వద్దు, విండోస్ బదులు ఉచితంగా దొరికే ఉబుంటు వేసుకుని వాడే ఓపిక ఉంటే తప్ప. ఇక బ్యాటరీ. అక్కడే విండోస్ బ్యాటరీ రిపోర్ట్ తీయించి డిజైన్ కెపాసిటీని (కొత్తప్పుడు పట్టే చార్జ్), ఫుల్ చార్జ్ కెపాసిటీని (ఇప్పుడు పట్టేది) పోల్చండి. రెండోది మొదటిదానిలో సగానికి పడిపోయి ఉంటే కొత్త బ్యాటరీ ఖర్చు తగ్గించి బేరమాడండి. వారంటీ ఎన్నాళ్లో నోటిమాట కాదు, బిల్లు మీద రాయించుకోండి.

ఈఎంఐ సంగతి. నో కాస్ట్ అన్నా ప్రాసెసింగ్ ఫీజు ఉండొచ్చు, వడ్డీ మీద జీఎస్టీ పడొచ్చు, రొక్కానికి ఇచ్చే డిస్కౌంటూ పోవచ్చు. 35 వేలు అప్పు చేసి అవసరంలేని గ్రాఫిక్స్ కార్డు కొనడం నాకు నచ్చదు. ఫీజు కోసం ఎలాగూ ఎడ్యుకేషన్ లోన్ తీసుకుంటుంటే మాత్రం వేరే మాట. కోర్సుకు అవసరమైన కంప్యూటర్ ఖర్చును కూడా బ్యాంకులు అందులో చేరుస్తాయి. లోన్ శాంక్షన్ కాకముందే మేనేజర్‌ని అడిగి, కొటేషన్ జత చేయండి.

సాఫ్ట్‌వేర్‌కి రూపాయి పెట్టక్కర్లేదు. షాపువాళ్లు “ఆఫీసు, యాంటీవైరస్ అన్నీ వేసిస్తాం” అంటారు. పైరేటెడ్‌వి వద్దనండి. కాలేజీ మెయిల్ ఐడీ వచ్చాక కోడింగ్‌కి గిట్‌హబ్ స్టూడెంట్ ప్యాక్, జెట్‌బ్రెయిన్స్ టూల్స్, డ్రాయింగ్‌కి ఆటోడెస్క్ స్టూడెంట్ లైసెన్స్ ఉచితంగా తీసుకోవచ్చు. రికార్డులు రాసుకోవడానికి లిబ్రేఆఫీస్ ఉంది.

మిగిలిన డబ్బులో పరీక్షలకు అనుమతించే సైంటిఫిక్ క్యాలిక్యులేటర్, అంటే క్యాసియో ఎఫ్ఎక్స్-991 లాంటిది, ఒక మంచి స్పైక్ గార్డ్ తీసుకోండి. హాస్టల్ గదిలో ఒక్క ప్లగ్‌కి ముగ్గురు పోటీ. గ్రాఫిక్స్ డ్రాయింగులకు వాడే మినీ డ్రాఫ్టర్ అడిగితే సీనియర్ల దగ్గర సగం ధరకు దొరుకుతుందేమో చూడండి. ట్యాబ్, ప్రింటర్ వద్దు. కాలేజీ గేటు బయట జిరాక్స్ సెంటర్ ఎలాగూ ఉంటుంది. కొన్నరోజే ల్యాప్‌టాప్ అడుగున ఉన్న సీరియల్ నంబరును, బిల్లును ఫోటో తీసి మీ ఫోన్లో పెట్టుకోండి. హాస్టల్లో పోతే పోలీస్ స్టేషన్‌లో అవి పనికొస్తాయి.