జియాంట్4: బిల్డ్ అయింది కానీ డేటా దొరకలేదంటున్నది

తమ్మీ, జియాంట్4 (కణాలు పదార్థంల నుంచి ఎట్ల పోతయో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్) ఉబుంటులో బిల్డ్ పూర్తయినా, దాంతోనే వచ్చే బీ1 ఉదాహరణ ప్రోగ్రాం డేటా దొరకలేదని ఆగిపోతున్నదన్నవు. నీ ప్రోగ్రాంల తప్పేం లేదు. బిల్డ్‌ను సిద్ధం చేసే సీమేక్‌లో ‘జియాంట్4_ఇన్‌స్టాల్_డేటా’ అనే ఆప్షన్ మామూలుగా ఆఫ్‌లనే ఉంటది. అది ఆన్ చేసి, సీమేక్, మేక్ ఇన్‌స్టాల్ మళ్ల నడుపు.

హనుమకొండ హాస్టల్ వైఫై అన్నవు కదా, అక్కడనే చిక్కు. డౌన్‌లోడ్‌కు డిఫాల్ట్ గడువు 1500 సెకండ్లు. నెట్ నెమ్మదైతే మధ్యలనే తెగుతది. పేరు చివర టైమౌట్ అని ఉన్న ఆప్షన్‌ల 6000 పెట్టు. లేదంటే డేటా టార్ ఫైళ్లు (మూట కట్టిన ఫైళ్లు) వేరే తాన దించుకొని, ఇన్‌స్టాల్ ఫోల్డర్ల షేర్ కింద ఉన్న డేటా ఫోల్డర్‌ల విప్పు. నన్నడిగితే ఇదే నయం.

తర్వాత బిన్ ఫోల్డర్ల ఉన్న జియాంట్4.ఎస్‌హెచ్‌ని సోర్స్ చెయ్యాలె, అంటే దాంట్ల ఉన్న సెట్టింగులను ఈ టెర్మినల్‌ల ఎక్కించాలె. కొత్త టెర్మినల్ తెరిస్తే అది పోతది, కాబట్టి ఆ లైన్‌ను టెర్మినల్ తెరిచినప్పుడల్లా నడిచే బాష్‌ఆర్‌సీ ఫైల్‌ల రాసిపెట్టు.

కంపైల్ నడుమల ‘కిల్డ్’ అని వచ్చుడు వేరే కథ: 4 జీబీ ర్యామ్ చాలలేదు. మేక్‌కు జె పక్కన అంకె ఇయ్యకపోతే ఒక్కసారే లెక్కలేనన్ని పనులు మొదలు పెడతది. జె2 ఇయ్యి. కొండా (పైథాన్ ప్యాకేజీలను చూసుకునే టూల్) ఆన్‌ల ఉంటే ముందు డీయాక్టివేట్ చేసి, పాత బిల్డ్ ఫోల్డర్ మొత్తం తీసేసి సీమేక్ నడుపు. లేకుంటే సీమేక్ దాచుకున్న క్యాషేల పాత ఫైల్ దారులే మిగిలిపోతయి.