చికాగో తగలబడిన రాత్రే మరో ఊరు కూడా కాలిపోయిందా?

1871 అక్టోబరు 8న చికాగో అంటుకున్న రాత్రే పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లో ఇంకో ఊరు బూడిదైందని, అక్కడే ఎక్కువమంది చనిపోయారని విన్నాననీ, అదే నిజమైతే ఆ ఊరి పేరు ఎవరూ ఎందుకు ఎత్తరనీ ఒకరు అడిగారు.

నిజమే. ఆ ఊరు పెష్టిగో. నేను తొమ్మిదేళ్లుగా గ్రీన్ బేలో ఉంటున్నాను. అక్కడి నుంచి ఉత్తరంగా కారులో గంట దూరం. అయినా ఆరేళ్లపాటు ఆ దారినే వెళ్లి వస్తూ ఒక్కసారీ ఆగలేదు. ఒక అక్టోబరు మొదట్లో మా అబ్బాయికి బడిలో ఇచ్చిన పని కోసం అక్కడి మ్యూజియానికి వెళ్లాం. పాత చర్చి భవనంలో ఉంటుంది. అగ్నిలో మిగిలిన వస్తువులు చాలా తక్కువ. వాటిలో ఒకటి, సత్ప్రసాదం ఉంచే చెక్క మందసం. దాని కథ తెలిస్తే ఆ రాత్రి తెలుస్తుంది.

ఫాదర్ పీటర్ పెర్నిన్ అప్పట్లో ఆ ఊరి క్యాథలిక్ చర్చి గురువు. ఆ సాయంత్రం గాలి వాలకం చూసి ఆయన తన తోటలో ఇసుక తవ్వి పెట్టెలు, పుస్తకాలు పూడ్చారు. తర్వాత మందసాన్ని బండిలో పెట్టి, గుర్రం లేకుండా తానే లాక్కుంటూ నది వైపు పరుగెత్తారు. వంతెన దగ్గర ఆయన చూసిన దృశ్యం చదివినప్పుడు నాకు నోట మాట రాలేదు. పడమటి గట్టువాళ్లు తూర్పున బతకవచ్చని, తూర్పు గట్టువాళ్లు పడమట బతకవచ్చని పరుగెత్తి, నడి వంతెన మీద ఒకరినొకరు ఢీకొన్నారు. కాసేపటికి ఆ వంతెనా అంటుకుంది. ఫాదర్ రాత్రి పది నుంచి తెల్లవారుజామున మూడున్నర దాకా నీళ్లలోనే ఉన్నారు. తల బయటపెడితే జుట్టు కాలుతుంది, అందుకే తలల మీద తడి బట్టలు కప్పుకుని నీళ్లు చల్లుకుంటూ ఉండాలి. మందసం మాత్రం తర్వాత ఒక దుంగ మీద చెక్కుచెదరకుండా దొరికింది.

మ్యూజియం నుంచి మేము నది ఒడ్డుకు వెళ్లాం. పెద్ద నదేమీ కాదు. అక్టోబరు నీళ్లలో మణికట్టు దాకా చెయ్యి పెట్టి ఉంచాను. కాసేపటికే వేళ్లు మొద్దుబారిపోయాయి. మంట నుంచి తప్పించుకుని నదిలోకి దూకినవాళ్లలో కొందరు ఆ చలికే పోయారంటే అప్పుడు అర్థమైంది.

ఇంతమంది ఎందుకు ముందే ఊరు వదిలిపోలేదని మా అబ్బాయి అడిగాడు. ఆ ఏడు వేసవి నుంచీ వానలు సరిగా లేవు. కొత్తగా వచ్చిన రైతులు మన పోడు లాగే చెట్లు కొట్టి, కొమ్మారెమ్మా తగలబెట్టి, నేల చదును చేసుకునేవారు. రైలు మార్గం వేసేవాళ్లూ అదే పని. అడవిలో ఎక్కడో ఒకచోట నిప్పు రాజుకుంటూనే ఉండేది. సెప్టెంబరు 24న మంటలు ఊరి చుట్టూ వస్తే జనమంతా కలిసి ఆర్పారు. చుట్టూ కాలాల్సింది కాలిపోయింది కాబట్టి ఇక గండం గడిచిందనుకున్నారు. వాళ్లది నిర్లక్ష్యం అనడానికి నాకు నోరు రాదు. నెలల తరబడి పొగ పీలుస్తున్నవాళ్లకు ఆ రోజు పొగ వేరని ఎలా తెలుస్తుంది? ఇళ్లు చెక్కవి, నడిచే బాటలు చెక్కవి, ఎక్కడ చూసినా రంపపు పొట్టు. చిన్నప్పుడు మా ఊళ్లో ఒక తాటాకు ఇల్లు అంటుకుంటే, మండుతున్న ఆకు గాలికి లేచి రెండు వీధుల అవతల వాలడం చూశాను. అలాంటి ఈదురుగాలి ఒక అడవినే మోసుకొస్తే నది అడ్డమవుతుందా? ఆ అగ్నికి రెండు గట్లూ పోయాయి.

మొత్తం సుమారు 12 లక్షల ఎకరాలు కాలాయి. మృతులు 1,200 నుంచి 2,500 వరకు ఉంటారని అంచనా. చికాగోలో దాదాపు 300 మంది. పెష్టిగో లెక్క తేలకపోవడానికి కారణం శ్మశానంలో కనిపిస్తుంది. అక్కడ ఒకే గోతిలో సుమారు 350 మంది ఉన్నారు. వాళ్లను గుర్తుపట్టగలిగిన ఇంటివాళ్లూ, పొరుగువాళ్లూ కూడా పోయారు. ఆ సమాధి ముందు మా అబ్బాయి చాలాసేపు కదలలేదు.

ఇక పేరు ఎందుకు తెలియదన్నది. పెష్టిగో వైపు టెలిగ్రాఫ్ తీగలు అంతకు ముందే కాలిపోయాయి. చికాగో మహానగరం, పత్రికలున్న ఊరు. 17,000కు పైగా భవనాలు పోయి, లక్షమంది వీధిన పడ్డారు. పెష్టిగో కబురు విస్కాన్సిన్ రాజధాని మాడిసన్‌కు చేరేసరికి రెండు రోజులు పట్టింది. అప్పటికి గవర్నరు లూషియస్ ఫెయిర్‌చైల్డ్ చికాగోకు సాయం చేయడానికి వెళ్లిపోయారు. కబురు అందుకున్నది ఆయన భార్య ఫ్రాన్సెస్. వయసు 24 ఏళ్లు. చికాగోకు బయలుదేరబోతున్న సామాన్ల రైలు పెట్టెను ఆమె ఆపించి, పెష్టిగో వైపు మళ్లించారు. అందులో దుప్పట్లు లేవని తెలిసి, ఊళ్లో ఆడవాళ్ల దగ్గర కంబళ్లు సేకరించి ఎక్కించారు. ఆ కాలంలో, ఎవరి అనుమతీ కోసం ఎదురుచూడకుండా. ఈమె గురించి మన పిల్లలకు చెప్పాలని నాకు గట్టిగా ఉంటుంది.

ఇంకొక మాట. ఈ రెండింటినీ వేర్వేరు ప్రమాదాలుగా చూడకండి. రెండు చోట్లా వీచింది ఒకే గాలివాన వ్యవస్థ తెచ్చిన గాలి. చికాగో ఇళ్లకూ, చెక్కదిమ్మలు పరిచిన వీధులకూ కలప ఈ ఉత్తరాది పైన్ అడవుల నుంచే వెళ్లింది. పెష్టిగో కలప కంపెనీ యజమాని విలియం ఆగ్డెన్, చికాగో మొదటి మేయరు. ఆయన ఆస్తి రెండు చోట్లా ఒకే రోజు కాలిపోయింది. అదే రోజు మిషిగన్‌లో హాలండ్, మనిస్టీ ఊళ్లు కూడా కాలాయి.

చికాగోలో ఓలీరీ అనే ఆవిడ ఆవు లాంతరు తన్నడం వల్లే అగ్ని పుట్టిందన్న కథ మాత్రం నమ్మవద్దు. మంట మొదలైంది ఆవిడ కొట్టం దగ్గరే, ఆవు సంగతే కల్పన. 1997లో చికాగో నగర మండలి ఆవిడనూ ఆవునూ నిర్దోషులుగా తేల్చింది. ఆ కొట్టం ఉన్న చోట ఇప్పుడు అగ్నిమాపక సిబ్బంది శిక్షణ కేంద్రం నడుస్తోంది.

పెష్టిగో మ్యూజియం చలికాలంలో మూసి ఉంటుంది. వెళ్లేటట్టయితే వేసవిలోనే పెట్టుకోండి. శ్మశానం పక్కనే, అదీ చూసి రండి.