పాత ల్యాప్‌టాప్‌కు కొత్త భాగాలు వేయించాలా, కొత్తదే కొనాలా?

ప్రశ్న: నేను తెనాలిలో ఉపాధ్యాయురాలిని. 2017లో కొన్న ల్యాప్‌టాప్‌నే ఇప్పటికీ వాడుతున్నాను. అందులో ఇంటెల్ 7వ జనరేషన్ ఐ5 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10 ఉన్నాయి. ప్రశ్నపత్రాలను అను ఫాంట్లలో టైపు చేసుకోవడం, మార్కుల పట్టికలు తయారుచేయడం, కొన్ని ఆన్‌లైన్ పనులు తప్ప దీనితో నాకు వేరే అవసరం లేదు. అయితే ఆన్ చేశాక పనికి సిద్ధమవడానికే చాలాసేపు పడుతోంది. ఎస్ఎస్‌డీ, ర్యామ్ వేయిస్తే సరిపోతుందని దుకాణంలో చెప్పారు. అది దండగ ఖర్చనీ, ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయికి ఇంజినీరింగ్‌లో పనికొచ్చేలా కొత్తదే కొనమనీ బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: హార్డ్ డిస్క్ స్థానంలో దానికంటే వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ అనే నిల్వ పరికరం వేయించండి. కొత్త ల్యాప్‌టాప్ మాత్రం ఇప్పుడే కొనవద్దు.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే లోపం ప్రాసెసర్‌ది కాదు, హార్డ్ డిస్క్‌ది. విండోస్ మొదలయ్యేటప్పుడు డిస్క్‌పై అక్కడక్కడా ఉన్న వేలాది చిన్న ఫైళ్లను చదవాలి. తిరిగే డిస్క్‌లో ఒక చోటి నుంచి మరో చోటికి రీడింగ్ హెడ్ జరగడానికి ప్రతిసారీ పది మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. కదిలే భాగాలే లేని ఎస్ఎస్‌డీలో అదే పని మిల్లీసెకనులో పదో వంతు సమయంలో అయిపోతుంది. పైగా తెరిచి ఉన్న పనులను తాత్కాలికంగా ఉంచుకునే 4 జీబీ ర్యామ్ నిండిపోగానే విండోస్ ఆ మిగులు భారాన్ని కూడా డిస్క్ మీదికే నెడుతుంది కాబట్టి, బ్రౌజర్‌లో నాలుగైదు పేజీలు తెరిచినప్పుడు యంత్రం మొత్తం స్తంభించినట్లు అనిపిస్తుంది. డబ్బు ఖర్చు పెట్టేముందు దీన్ని మీరే నిర్ధారించుకోవచ్చు: కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో చూడండి. ప్రాసెసర్ వాడకం తక్కువగా ఉండి, డిస్క్ మాత్రం 100 శాతం దగ్గరే నిలిచిపోతే దుకాణంవారి మాట నిజమే.

ర్యామ్ విషయంలో కొంత ఆగి ఆలోచించాలి. ఈ ప్రాసెసర్‌తో వచ్చిన ల్యాప్‌టాప్‌లలో కొన్నింటికి డీడీఆర్4, మరికొన్నింటికి డీడీఆర్3ఎల్ ర్యామ్ ఉంటుంది. ఒకదాని స్లాట్‌లో మరొకటి పట్టదు. మొత్తం 8 జీబీ అయ్యేలా చూసుకుంటే మీ పనికి చాలు, అంతకు మించి వేయించినా మీకు తేడా కనిపించదు. ఎస్ఎస్‌డీపై పెట్టిన ఖర్చు ఈ ల్యాప్‌టాప్ పాడైపోయినా వృథా కాదు, ఎందుకంటే దాన్ని యూఎస్‌బీ కేసులో పెట్టి బయటి డ్రైవ్‌గా వాడుకోవచ్చు. పాత ర్యామ్‌కు ఆ అవకాశం లేదు, కొత్త యంత్రాల్లో అది సరిపోదు. అందుకే ముందు ఎస్ఎస్‌డీ ఒక్కటే వేయించి కొన్నాళ్లు వాడి, అప్పటికీ చాలకపోతేనే ర్యామ్ వేయించండి.

ఏ దుకాణంలోనూ కొనలేనిది ఒకటుంది, అది భద్రత. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కొద్ది మినహాయింపులు తప్ప ఇంటెల్ 8వ జనరేషన్, ఆపై ప్రాసెసర్లకే విండోస్ 11 అధికారికంగా వస్తుంది కాబట్టి మీ ల్యాప్‌టాప్ ఆ గీతకు ఒక్క మెట్టు కింద ఆగిపోయింది. బాగా పనిచేసే యంత్రాలను ఇలా పక్కన పెట్టించడం నాకు అన్యాయంగానే తోస్తుంది. అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించి ఇస్తామనేవారు ఉంటారు గాని, అలాంటి యంత్రాలకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు. పొడిగించిన భద్రతా అప్‌డేట్ల పథకంలో నమోదైతే 2026 అక్టోబర్ 13 వరకు మీకు రక్షణ ఉంటుంది. సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఆ నమోదు చేసుకోవచ్చు. ఆ తర్వాత విండోస్‌కు బదులుగా వాడుకోగల ఉచిత వ్యవస్థ లినక్స్‌కు మారడం మంచి మార్గమే, లినక్స్ మింట్ లాంటివి ఈ యంత్రంపై హాయిగా నడుస్తాయి. అయితే మీరు వాడుతున్న అను స్క్రిప్ట్ విండోస్ కోసం తయారైనది. కాబట్టి ఇకపై కొత్త ప్రశ్నపత్రాలను అన్ని పరికరాలకూ ఉమ్మడి అక్షర పద్ధతి అయిన యూనికోడ్‌లో టైపు చేయడం అలవాటు చేసుకోండి. రేపు ఏ కంప్యూటర్‌కు మారినా, ఫోన్‌లో తెరిచినా అవి చదవడానికి వీలుగా ఉంటాయి.

ఇక అమ్మాయి విషయం. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ పూర్తయి బ్రాంచి ఖరారయ్యేదాకా ఆగండి. కంప్యూటర్ సైన్స్ విద్యార్థికి 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుంది; సివిల్, మెకానికల్‌లో త్రీడీ డిజైన్ సాఫ్ట్‌వేర్లు వాడాల్సివస్తే విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్నది కావలసి రావచ్చు. ఈరోజు తొందరపడి కొన్నది ఆనాటికి ఆమె అవసరానికి తగకపోతే రెండోసారి కొనవలసి వస్తుంది.

ఎస్ఎస్‌డీ వేయించేముందు ముఖ్యమైన ఫైళ్లన్నీ వేరేచోటికి కాపీ చేసుకోండి. తీసిన హార్డ్ డిస్క్‌ను దుకాణంలో వదిలేయకుండా ఇంటికి తెచ్చుకోండి, అందులో మీ విద్యార్థుల వివరాలు ఉంటాయి.

ప్రశ్న: మాది హన్మకొండ. ఆరేళ్ల నాటి నా ల్యాప్‌టాప్‌లో టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బి సరిగా నొక్కుకోవడం లేదు. టచ్‌ప్యాడ్ మార్పిస్తే చాలా?

జవాబు: దాదాపుగా ఇది లోపలి బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్‌ను పైకి నెట్టడం వల్లే జరుగుతుంది. వెంటనే వాడకం, చార్జింగ్ రెండూ ఆపేయండి. ఉబ్బిన లిథియం బ్యాటరీని అదిమినా, గుచ్చినా మంటలు రేగే ప్రమాదం ఉంది కనుక స్వయంగా విప్పకండి, సర్వీస్ సెంటర్‌లోనే తీయించండి. ఒరిజినల్ బ్యాటరీ దొరికితే మార్పించి మరికొన్నేళ్లు వాడుకోవచ్చు. దొరకకపోతే, తక్కువ ధరకు వచ్చే పేరులేని బ్యాటరీ వేయించడం కంటే ల్యాప్‌టాప్‌ను మార్చడమే మేలని నా సలహా. తీసిన పాత బ్యాటరీని ఇంటి చెత్తలో కలపకుండా, సర్వీస్ సెంటర్‌లోనే అప్పగించండి.