దగ్గుతో పాటు ఆయాసం ఉంటే ఆగవద్దు

ప్రశ్న: మా అత్తగారికి 70 ఏళ్లు. నాలుగు రోజులుగా దగ్గు, కొద్దిపాటి జ్వరం ఉన్నాయి. నిన్నటి నుంచి ఆయాసపడుతూ, పొంతన లేకుండా మాట్లాడుతున్నారు. మందుల షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ పూర్తయ్యే వరకు చూడవచ్చా?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట, హైదరాబాద్

జవాబు: చూడవద్దండి, వెంటనే 108కి ఫోన్ చేయండి. వయసు పైబడినవారిలో న్యుమోనియా ముదిరినా జ్వరం తీవ్రంగా కనిపించకపోవచ్చు కాబట్టి, జ్వరం తక్కువేనన్న ధీమా పనికిరాదు. మీరు రాసిన ఆ పొంతన లేని మాటలే నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నాయి. అంబులెన్సు వచ్చేలోగా ఆమెను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి, నిమిషానికి ఎన్నిసార్లు ఛాతీ లేస్తోందో లెక్కపెట్టండి. 30కి చేరినా, పెదవులు నీలంగా మారినా ప్రమాదమే. ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో అత్యవసర విభాగం రాత్రింబవళ్లు పనిచేస్తుంది. వాడిన మాత్రల అట్టను వెంట తీసుకెళ్లి వైద్యులకు చూపించండి.