ట్రైలర్ లాగుతుంటే ఘాట్‌లో గేర్‌బాక్స్ ఆయిల్ వేడెక్కుతోంది, ఏం చేయాలి?

అన్నా, మీరు అడిగింది ఇదీ: ఆటోమేటిక్ డీజిల్ ఎస్‌యూవీకి దాదాపు రెండు టన్నుల ట్రైలర్ తగిలించి కడప నుంచి రాయచోటి పోతుంటే గువ్వలచెరువు ఘాట్‌లో గేర్‌బాక్స్ టెంపరేచర్ లైట్ వెలుగుతోంది, ఇంజిన్ ముల్లు మాత్రం మామూలుగానే ఉంది, ఇది బండిలో లోపమా అని. నేను పెళ్లిళ్లకు, జాతరలకు జనరేటర్ అద్దెకు ఇస్తాను. చక్రాల జనరేటర్‌ను అలాంటి బండితోనే, అదే దారిలో లాగుతుంటాను కాబట్టి నా అనుభవం చెబుతాను.

ముందుగా, ఇంజిన్ ముల్లు చూసి ధైర్యంగా ఉండొద్దు. అది చూపించేది ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ వేడి. గేర్‌బాక్స్ ఆయిల్ వేడి దానికి సంబంధం లేకుండా పెరిగిపోతుంది. ఇంజిన్ 90 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండగానే గేర్‌బాక్స్ 120 దాటిపోవచ్చు.

ఎందుకంటే, ఆటోమేటిక్‌లో ఇంజిన్‌కూ గేర్లకూ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఒకవైపు ఇంజిన్ ఆయిల్‌ను తిప్పి కొడితే, ఆ తోపుకు రెండో వైపు తిరుగుతుంది. రెండింటి వేగంలో తేడా ఉన్నంతసేపూ ఆ వృథా శక్తి వేడిగా మారి ఆయిల్‌లోకే పోతుంది. చదునైన హైవే మీద 80లో పోతుంటే లోపలి లాకప్ క్లచ్ రెండింటినీ కలిపి పట్టేస్తుంది, అప్పుడు పెద్దగా వేడి పుట్టదు. ఘాట్‌లో లోడు లారీ వెనక 20, 25 వేగంతో, యాక్సిలరేటర్ సగానికి పైగా తొక్కి పోతున్నప్పుడు ఆ లాక్ వదిలేస్తుంది. ఆయిల్ ఉడికేది అప్పుడే. వేగం తక్కువ కాబట్టి ఆ ఆయిల్‌ను చల్లబరిచే కూలర్‌కు గాలి కూడా సరిగా తగలదు. మే నెల మధ్యాహ్నం బయటే 42 డిగ్రీలుంటే ఇక చెప్పక్కర్లేదు. నేనైతే ఎండాకాలంలో తెల్లవారుజామునే ఘాట్ దాటేస్తాను.

అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది గేరు మన చేతిలో పెట్టుకోవడం. డ్రైవ్‌లోనే వదిలేస్తే బండి నాలుగో గేరుకు పోతుంది, లాగలేక మూడుకు దిగుతుంది, కాస్త పికప్ రాగానే మళ్లీ నాలుగు. ఇలా మారిన ప్రతిసారీ లోపలి క్లచ్ ప్లేట్లు రాసుకుంటాయి. అందుకే ఎక్కుడు మొదలవకముందే మాన్యువల్ మోడ్‌లోకి వచ్చి ఒక గేరు తగ్గించండి. నా డీజిల్ బండి 2,200 నుంచి 2,800 ఆర్‌పీఎం మధ్య హాయిగా లాగుతుంది. ఇంజిన్ శబ్దం పెరిగిందని భయపడి పై గేరు వేయొద్దు. అదే లోడుతో డ్రైవ్‌లో 118 దాకా పోయే వేడి, గేరు పట్టి ఉంచితే 105 దగ్గర ఆగడం నేను ఓబీడీ స్కానర్‌లో (బండి కంప్యూటర్‌కు తగిలించి, ఫోన్ యాప్‌లో రీడింగులు చూసుకునే చిన్న పరికరం) చూశాను. ఆ స్కానర్ మీరూ కొనండి, పెద్ద ఖర్చు కాదు. మీ బండి గేర్‌బాక్స్ వేడిని చూపించే యాప్ ఏదో కొనేముందే అడిగి తెలుసుకోండి. మామూలుగా 80 నుంచి 95 దాకా ఉంటే మంచిదే. 115 దాటితే నేను వేగం తగ్గించి, ఆపుకునే చోటు వెతుక్కుంటాను.

ముందు లారీకి అతుక్కుని పోవద్దు. కాస్త దూరం వదిలితే ఆగి ఆగి కదలకుండా ఒకే వేగంతో ఎక్కొచ్చు. ఎక్కుడులో ఆగాల్సి వస్తే యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టొద్దు, బ్రేకు తొక్కండి.

లైట్ వెలిగితే వెడల్పైన చోటు చూసి ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, బండి చక్రాలకూ ట్రైలర్ చక్రాలకూ రాళ్లు పెట్టించి, న్యూట్రల్‌లో ఇంజిన్ నడవనివ్వండి. ఇంజిన్ ఆపేస్తే గేర్‌బాక్స్ పంపు కూడా ఆగిపోతుంది, వేడి ఆయిల్ కూలర్ దాకా రాదు. నేను గువ్వలచెరువులో కోవా అంగళ్ల దగ్గర ఆపినప్పుడు కూడా కాసేపు ఇంజిన్ అలాగే ఉంచుతాను. ఆ టైంలో ట్రైలర్ చక్రాల మధ్య భాగాల దగ్గర చెయ్యి పెట్టి చూస్తాను. ఒకటి మిగతావాటికంటే బాగా కాలుతుంటే అక్కడ బ్రేకు పట్టేసిందనో, బేరింగ్ పోయిందనో అర్థం. ఆ బరువంతా గేర్‌బాక్స్ మీదే పడుతుంది. ట్రైలర్ టైర్లలో గాలి తక్కువున్నా అంతే.

కూలర్‌ను టార్చ్ వేసి చూడండి. మాది ఎర్రగుంట్ల వైపు తిరిగే బండి. రెక్కల సందుల్లో తెల్లటి రాతి దుమ్ము, పురుగులు కలిసి గట్టిపడి, బయటికి శుభ్రంగా కనిపించినా లోపల వెలుతురే దూరదు. మామూలు పైపుతో ఇంజిన్ వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టాలి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి.

ఆయిల్ గురించి ఒక్క మాట. జీవితాంతం మార్చక్కర్లేదని చెప్పేవాళ్లు ట్రైలర్ లాగే బండిని లెక్కలో పెట్టుకోరు. వేడి పెరిగేకొద్దీ ఆయిల్ ఆయుష్షు వేగంగా తరుగుతుంది, పది పన్నెండు డిగ్రీలు ఎక్కువైతే దాదాపు సగం అని లెక్క. నేను 40,000 కిలోమీటర్లకు మార్పిస్తాను. తెల్లగుడ్డ మీద చుక్క వేస్తే గోధుమరంగులో ఉండి మాడువాసన వస్తే అసలు ఆగొద్దు. పాలు కలిపినట్టు గులాబీరంగులో ఉంటే కూలెంట్ కలిసిందని అర్థం, బండి కదిలించకుండా మెకానిక్‌ను పిలవండి. చాలా బండ్లకు గేర్‌బాక్స్ ఆయిల్ లెవెల్ చూసే డిప్‌స్టిక్ పుల్ల ఉండదు. మాన్యువల్‌లో చెప్పిన వేడి దగ్గర ప్లగ్ విప్పి లెవెల్ చూడాలి కాబట్టి స్కానర్ ఉన్న చోటే చేయించండి, మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయించండి.

నెలంతా లాగే పని ఉంటే అదనపు కూలర్ పెట్టించడం మంచిదే, వారంటీ సంగతి కనుక్కుని. కానీ కంపెనీ చెప్పిన లాగుడు బరువు దాటితే ఏ కూలరూ కాపాడదు. ట్రైలర్‌ను వేబ్రిడ్జి మీద తూకం వేయించి మాన్యువల్‌తో పోల్చుకోండి.

లోపమా అంటే, ట్రైలర్ లేకుండా చదును రోడ్డు మీద కూడా ఆ లైట్ వస్తే కచ్చితంగా లోపమే. ఘాట్‌లో లోడుతో మాత్రమే వస్తుంటే ముందు గేరు పద్ధతి మార్చి, కూలర్ కడిగించి చూడండి. తిరిగి కడపకు దిగేటప్పుడు కూడా తక్కువ గేరులోనే దిగండి, ఆ మలుపుల్లో న్యూట్రల్ మాత్రం ఎప్పుడూ వేయొద్దు.