బాణాల మీద అడుగులు

ప్రశ్న: మా అబ్బాయి కూకట్‌పల్లిలో ఒక మాల్‌కి వెళ్లి, బాణం గుర్తులు తొక్కుతూ ఆడే గేమ్ ఆడుతుంటాడు. పాటలన్నీ జపాన్, కొరియావే. ఎందుకండీ?
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: ఆ మెషీన్లు పుట్టింది అక్కడే అమ్మా. 1997లో జపాన్‌కు చెందిన కొనామి ‘బీట్‌మేనియా’ తెచ్చింది. ఐదు మీటలు, పక్కన డీజేలు తిప్పే రికార్డు లాంటి పళ్లెం. సమయానికి మీట నొక్కితేనే ఆ స్వరం పలుకుతుంది, తప్పితే పాటలో అక్కడ ఖాళీ. చిన్నప్పుడు చిక్కడపల్లిలో మృదంగం నేర్చుకున్న నాకు ఇదే భలే నచ్చింది. ఆడేవాళ్లే వాయిద్యగాళ్లు!

1998లో అదే సంస్థ నుంచి, కాళ్లతో బాణాలు తొక్కే ‘డాన్స్ డాన్స్ రివల్యూషన్’ వచ్చింది. మొదట్లో లైసెన్స్ తీసుకున్న డాన్స్ పాటలు ఎక్కువ, తర్వాత సొంత స్వరకర్తల పాటలు పెరిగాయి. వెనక లైన్‌లో జనం ఉంటారు కదా, అందుకే పాటను దాదాపు ఒకటిన్నర నిమిషానికి కుదిస్తారు.

మీవాడు ఆడే మెషీన్‌లో బాణాలు నాలుగు మూలల్లో ఉండి, మధ్యలో ఇంకో గడి ఉంటే అది 1999లో కొరియాలో మొదలైన ‘పంప్ ఇట్ అప్’. దాని సొంత బృందం బాన్యా పాశ్చాత్య శాస్త్రీయ సంగీతాన్ని పరుగులు పెట్టించింది. బీథోవెన్ పియానో రచన ‘పాథెటిక్’ సొనాటా మూడో భాగాన్ని కూడా వదల్లేదు. ఆ పాట మీద మీవాడు ఆడి ఉంటే, అసలు పియానో రూపం ఒకసారి వినిపించండి. ఠక్కున గుర్తుపడతాడు.