గంజాయి మొక్క కోతకొచ్చిందని ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: మేం కెనడాలోని ఒంటారియోలో ఉంటున్నాం. చట్టం ఒప్పుకున్న మేరకు పెరట్లో రెండు గంజాయి మొక్కలు వేశాం. సెప్టెంబరు చివరికొచ్చేసరికి పూగుత్తుల మీది తెల్ల కేశాలు సగానికి పైగా గోధుమరంగుకు తిరిగాయి. కోసెయ్యమంటారా, ఆగమంటారా?

జవాబు: కేశాల్ని నమ్మి కోయకండి. వాన పడినా, చెయ్యి తగిలినా, పుప్పొడి అంటినా అవి ముందే రంగు మారతాయి. చూడాల్సింది ట్రైకోమ్‌ల తలల్ని, అంటే పూగుత్తి మీద పుట్టగొడుగుల్లా నిలబడే సన్నని జిగురు గ్రంథుల తలల్ని. నగలపనివాళ్లు వాడే లూప్ లాంటిది, 30 నుంచి 60 రెట్లు పెద్దగా చూపేది, ఒకటి కొనుక్కోండి. పొద్దున మంచు ఆరాక, కేశం మొలిచిన చోట ఉబ్బి ఉండే బుడిపె మీద పెట్టి చూడండి. పక్కనున్న చిన్నాకుల మీద చూస్తే మోసపోతారు. అక్కడివి ముందే ముదురుతాయి.

తలలు అద్దంలా కనిపిస్తే ఇంకా పచ్చిదే. పాలరంగుకు వస్తే మత్తునిచ్చే టీహెచ్‌సీ అనే పదార్థం నిండుగా ఉన్నట్టు. తేనెరంగు మొదలైతే ఆ టీహెచ్‌సీ క్రమంగా సీబీఎన్ అనే మరో పదార్థంగా మారుతోందన్నమాట, మత్తు తగ్గి మగత పెరుగుతుంది. చాలావరకు పాలరంగు, పదింట ఒకటో రెండో తేనెరంగు ఉన్నప్పుడు కోయడం మంచిది. పై గుత్తులు ముందు తయారవుతాయి. వాటిని కోసి, కింది వాటికి ఇంకో వారం, పది రోజులు ఎండ తగలనివ్వండి.

అయితే మీ దగ్గర ఈ నెలలో అసలు శత్రువు బూజు. లావుపాటి గుత్తిలో ఒక్క చిన్నాకు మాత్రమే ఉన్నట్టుండి ఎండిపోతే, దాన్ని మెల్లగా లాగండి. తేలిగ్గా ఊడొచ్చి లోపల గోధుమ, బూడిద రంగు కనిపిస్తే బూజు పట్టినట్టే. రెండు, మూడు సెంటీమీటర్లు కిందికి కోసి సంచిలో కట్టి పారేయండి. బాగున్న ముక్క ఏరుకుని వాడొద్దు, ఊపిరితిత్తులకు ప్రమాదం. రెండో గుత్తిలోనూ కనబడితే ట్రైకోమ్‌లు ఏ రంగులో ఉన్నా మొక్క మొత్తం కోసెయ్యండి. వరసగా వానలున్నా, గట్టి మంచు కురుస్తుందన్నా అంతే.

ప్రశ్న: విత్తనాల ప్యాకెట్ మీద ఎనిమిది వారాలని ఉంది. మొక్క నాటి నాలుగు నెలలైంది కదా?

జవాబు: ఆ లెక్క నాటిన రోజు నుంచి కాదు, పూత మొదలైన రోజు నుంచి. ఆరుబయట పగలు తగ్గే కొద్దీ, మీ వైపు ఆగస్టులో పూత పడుతుంది. అంటే అక్టోబరు మొదట్లో కోత. పగటి నిడివితో పనిలేకుండా వాటంతటవే పూసే ఆటోఫ్లవర్ రకాలకు మాత్రం మొలకెత్తినప్పటి నుంచి లెక్కపెట్టాలి.

ప్రశ్న: ఇవే మొక్కలు మా ఊళ్లో వేసుకోవచ్చా?

జవాబు: వద్దు. 2018 అక్టోబరు 17న వచ్చిన కెనడా చట్టం ఇంటికి నాలుగు మొక్కల దాకా ఒప్పుకుంది, అక్కడ కూడా క్యూబెక్‌లో ఇంట్లో పెంచకూడదు. మన దగ్గర 1985 ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం కింద సాగుకు పదేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా. కోసి ఎండబెట్టింది కొంచెమైనా సరే, కెనడా సరిహద్దు దాటించడం కూడా నేరమే.